నీ బిడ్డ చేసిన రొట్టె

పొద్దున పక్కింట్లో ఎవరో జొన్నరొట్టె తడుతున్నారు. పిండి మీద అరచేయి పడే చప్పుడు గోడ దాటి వస్తుంటే చదువుతున్న పుస్తకం మూసేశాను. మధ్యమధ్య ఆగి, మళ్లీ మొదలవుతోంది. కొత్త చేయి. ఓబులమ్మత్త ఉండి ఉంటే పిలవకపోయినా వెళ్లి ఆ వంటింట్లో కూర్చునేది. ఆమె పోయి నెల కావస్తోంది.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో, రేకుల కింద, ఆమెకు చిన్న హోటలు ఉండేది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, ఏదో ఒక కూర, అంతే. మాకు చుట్టం కాదు. మా నాయన అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. తొంభైల చివర్లో వానల్లేక మా చేను ఎండిపోయింది. అమ్మా నాయనా బెంగుళూరుకు కట్టడం పనికి బయలుదేరారు. నేను డిగ్రీలో చేరి కొన్ని నెలలే అయ్యాయి. చదువు మానేసి నన్నూ రమ్మన్నారు. అప్పుడు అత్త అడ్డుపడింది.

“పాపను నాకాడ ఉంచప్పా. పొద్దున రొట్టెలు చేస్తాది, ఆపైన కాలేజీకి పోతాది.”

“దానికి రొట్టె యాడొస్తాదక్కా? పొయ్యి కాడికి వస్తేనే కదా!”

“ఉగాది దాకా చూడు. రాకపోతే నువ్వే వచ్చి పిలుచుకొని పో.”

అలా నా చదువు ఒక పెనానికి ముడిపడింది.

పులియబెట్టేది లేదు, నానబెట్టేది లేదు. పిండిలో మరిగే నీళ్లు పోసి, పిసికి, తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిస్తే రొట్టె అయిపోతుంది. చూడటానికి అంతే. నేను తడితే మాత్రం అంచులన్నీ పగిలేవి. ఆ హోటల్లో ఒక కట్టుబాటు ఉండేది. పగిలిన రొట్టె గిరాకీకి పెట్టకూడదు, చేసినవాళ్లే తినాలి. నేను తింటూనే ఉన్నాను.

“ఏమత్తా, పని చేసే పిల్లకే పెడతాండావు, మా కడుపు యాడికి పోవాల?” అన్నాడు రోజూ వచ్చే లారీ డ్రైవరు.

“నీకు పగిలింది పెడితే రేపు నీ లారీ ఇంకో హోటలు కాడ నిలుస్తాది. నోరు మూసుకొని కూచో.”

ఆమె నా తప్పు పట్టుకుంది. వేడికి భయపడి, పిండి చల్లారాక పిసుకుతున్నాను. “చల్లారినాక జిగురు యాడుంటాదమ్మీ?” అని నా చేతి మీద తన చేయి వేసి పొగలు కక్కే పిండిలోకి అదిమింది.

“కాలుతాంది అత్తా!”

“నాకూ కాలుతాంది. పిసుకు.”

ఉగాది దగ్గరపడుతుండగా నాయన వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి ఉంది, నా బట్టలు సర్దడానికి. నేను పెనం ముందు, అటు తిరిగి ఉన్నాను. అత్త ఆయన ముందు రొట్టె పళ్లెం పెట్టింది. ఆయన తుంచి ఊరిబిండి అద్దుకుని తిన్నాడు.

“నీ చేతి రొట్టె తిని చాన్నాళ్లాయెనక్కా. ఆ ఊర్లో యాడ దొరుకుతాది ఇట్లాంటిది!”

అత్త గొంతెత్తింది, బెంచీల మీద ఉన్న వాళ్లందరూ తలెత్తేలా. “నాది కాదప్పా. నీ బిడ్డ చేసింది!”

నాయన మిగిలిన ముక్కను తిప్పి చూశాడు. అంచు వెంట వేలితో తడిమాడు. “ఇంకొకటి పెట్టు పాపా,” అన్నాడు. నేను వేడిది తీసుకెళ్లి వడ్డించాను. అది తిన్నాక సంచి మడిచి చంకలో పెట్టుకుని, బస్టాండుకు ఒక్కడే వెళ్లాడు.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆ రోజు అత్త ఊరికే నవ్వి ఊరుకున్నా ఎవరికీ తెలిసేది కాదు, ఆ మెచ్చుకోలు ఆమెకే దక్కేది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమె గురించి గర్వంగా ఉంటుంది. ఇంకొకరు చేసిన పనికి నన్ను ఎవరైనా పొగిడితే, చేసినవాళ్ల పేరు అందరి ముందూ చెబుతాను. నాది చిన్న గొంతు. ఆ ఒక్క మాట మాత్రం ఆమెలాగే గట్టిగా చెబుతాను.