సత్తెమ్మ మామ్మ తరవాణి కుండా, నా సమాజసేవా

కంగ్రాట్స్ చెప్పినవాళ్ళందరికీ థాంక్సండి. కానీ టీ చల్లారేలోపు ఒక విషయం చెప్పేస్తాను. రేపు ఎవరో చెప్తే వినేకంటే నా నోటితో వింటేనే నాకు కొంచెం పరువు. నాకొచ్చిన ఈ స్కాలర్‌షిప్పు చదువుకి రాలేదు. సేవకి అంతకన్నా రాలేదు. ఒక కుండ తోమినందుకు వచ్చింది. అది తోమకూడని కుండ.

మొదట్నుంచీ చెప్తాను. మా యానాంలో బీఏ చదివేవాళ్ళ సంగతి మీకు తెలుసు కదా. సైన్సు వాళ్ళకి ల్యాబులుంటాయి, కామర్సు వాళ్ళకి కొట్లలో లెక్కల పనులుంటాయి. ఆర్ట్స్ వాళ్ళకి ఏముంటుంది? ఖాళీ ఉంటుంది. పాండిచ్చేరిలో ఎవరో పెద్దమనుషులు ట్రస్టు పెట్టి, మా ఖాళీని కనిపెట్టేశారు. ఆర్ట్స్ విద్యార్థులు తమ ఊళ్ళో సమాజసేవ చెయ్యాలి, బాగా చేసినవాళ్ళకి పాండిచ్చేరిలో ఎమ్మే చదువు, హాస్టలు, భోజనం మొత్తం వాళ్ళే చూసుకుంటారు. కాలేజీకి ఒక్కరికే. ఆ ఒక్కరెవరో ట్రస్టు మేడమ్ గారు సేవ చేయించుకున్నవాళ్ళకే ఫోన్ చేసి, అడిగి తేలుస్తారు.

నాకది కావాలి. ఎందుకంటే మా నాన్న అప్పటికే తేల్చి చెప్పేశారు. "హిస్టరీలో ఎమ్మే చేసి ఎవర్ని ఉద్ధరిస్తావే? మీ మావయ్య ఫ్యాన్సీ షాపులో కూర్చో, ఏసీ కూడా పెట్టించాడు" అన్నారు. ఆ షాపులో కూర్చోవడమంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా గాజులు సైజులవారీగా సర్దుతూ, మా అత్త చెప్పే సీరియల్ కథ వినడం. గాజుల మీద నాకేం కోపం లేదు. కానీ ఇంత చరిత్ర చదివి, నా చరిత్ర అక్కడితో సరి అంటే ఏడుపొచ్చింది. స్కాలర్‌షిప్ వస్తే పాండిచ్చేరి, రాకపోతే గాజులు. మధ్యలో ఇంకేం లేదు.

అయితే చిక్కెక్కడొచ్చిందంటే, సేవ చేసేవాళ్ళు క్లాసు నిండా ఉన్నారు, చేయించుకునేవాళ్ళే దొరకలేదు. యానాం ఎంత ఊరండీ? ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు. మొదట్లో అందరం గోదారి గట్టు మీద పడ్డాం. ఊడ్చిందే ఊడ్చాం. రోజూ ఊడ్చే ఆవిడ తీరిగ్గా బెంచీ మీద కూర్చుని, "అక్కడింకో ఆకుంది చూడమ్మా" అని వేలు పెట్టి చూపించేది. ఒక బ్యాచి మొక్క నాటి ఫొటో దిగితే, అదే మొక్క దగ్గర ఫొటోకి ఇంకో బ్యాచి లైన్లో నిలబడింది. టీ కొట్టాయన అయితే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "నిన్నా ఊడ్చారు, మొన్నా ఊడ్చారు. మీ ఫొటోల మధ్యలో దూరలేక బేరాలు పక్క కొట్టుకి పోతున్నాయి. నా కొట్టుకి సేవ చాలమ్మా" అన్నాడు.

అప్పుడు మా అమ్మ చెప్పింది, మా ఫరంపేటలోనే వెనక వీధిలో సత్తెమ్మ మామ్మ ఉంది కదే అని. ఒంటరి వృద్ధురాలు! ట్రస్టు వాళ్ళకి చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? నిజానికి మామ్మ ఒంటరేం కాదు. కొడుకూ కోడలూ మెట్టకూరులోనే ఉన్నారు, ఆటో ఎక్కితే దిగడమే. కోడలు కమలక్క టీలో పంచదార సరిగ్గా వెయ్యదని మామ్మే విడిగా ఉంటోంది. టీ ఒక్కటే కాదనుకోండి. "దానికి ఇంటి పద్ధతులు పట్టవు" అన్నది మామ్మ అసలు కేసు.

నేను వెళ్ళేసరికి అక్కడ మా క్లాసు ప్రసన్న అప్పటికే స్టూలు వేసుకుని పేపరు చదివి వినిపిస్తోంది. మామ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని, నన్ను కిందా పైనా చూసింది.

"నువ్వూ సేవకేనా?"

"అవును మామ్మా."

"ఇది పేపరు చదువుద్ది. నీకేం వచ్చు?"

నాకు ఫ్రెంచి విప్లవం వచ్చు. అక్కడ అది పనికిరాదని, "ఇంటి పనులన్నీ వచ్చు మామ్మా" అన్నాను. మా అమ్మ విని ఉంటే పడిపడి నవ్వేది.

"అయితే సాయంత్రాలు రా. కానీ మీ పాండిచ్చేరి మేడమ్ ఫోన్ చేసి అడిగితే నేను ఒక్కదాని పేరే చెప్తాను. ఇద్దరి పేర్లూ చెప్తే నా మాటకి విలువుండదు."

చూశారా, ట్రస్టు వాళ్ళకన్నా మామ్మ పక్కాగా ఉంది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ పోటీ. ప్రసన్న తలకి నూనె రాస్తే నేను కాళ్ళు పట్టాను. అది మందులు తెస్తే నేను రొయ్యలు ఒలిచాను. మామ్మకి జీవితంలో అంత వైభోగం ఎప్పుడూ లేదట, పక్కింటావిడతో చెప్పింది. కానీ ప్రసన్న గొంతు మహా బాగుంటుంది. అది చావు వార్త చదివినా వినాలనిపిస్తుంది. మామ్మ కళ్ళు మూసుకుని తలూపుతూ వినేది. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం, "రొయ్యకి తల పూర్తిగా రాలేదే, మళ్ళీ చూడు" అనేది. నాకు రాత్రిళ్ళు కలలో గాజులు కనపడ్డం మొదలైంది.

ఇంతలో మామ్మ మనవడి పుట్టినరోజని మెట్టకూరు బయల్దేరింది. తాళంచెవి నా చేతికిచ్చి, "మొక్కలకి నీళ్ళు పొయ్యి. అంతే" అంది.

అంతే అంటే అంతే చేసి ఊరుకుంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏముండేది? ఇదే ఛాన్సు అనుకున్నాను. వంటిల్లు మొత్తం కడిగి తళతళలాడించేస్తే మామ్మ మనసు కరిగిపోతుంది, ప్రసన్న గొంతు మర్చిపోతుంది, ఫోన్లో నా పేరే చెప్తుంది. చీర కుచ్చిళ్ళు లేవు కాబట్టి చున్నీ నడుముకి చుట్టి దిగాను.

డబ్బాలు తుడిచాను. పొయ్యి గట్టు తోమాను. మూలన చీకట్లో, పైన పళ్ళెం మూతపెట్టి ఒక మట్టికుండ ఉంది. మూత తీస్తే లోపల తెల్లటి నీళ్ళు, పైన తెట్టు, పుల్లటి వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. అయ్యో పాపం, పెద్దావిడ, గంజి పెట్టి మర్చిపోయింది అనుకున్నాను. ఇది తాగితే ఆస్పత్రి పాలయ్యేది కదా, దేవుడే నన్ను పంపించాడు అని కూడా అనుకున్నాను. తీసుకెళ్ళి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో గుమ్మరించాను. గిన్నెల సబ్బూ, స్టీలు పీచూ పెట్టి కుండని లోపలా బయటా గట్టిగా తోమాను. బయట పసుపు మరకలేవో ఉంటే అవీ వదిలేదాకా తోమాను. తోమకముందు ఒక ఫొటో, తోమాక ఒక ఫొటో మా సేవ గ్రూపులో పెట్టాను. మేడమ్ గారు వెంటనే చప్పట్ల బొమ్మ పెట్టారు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. పోయిన సెమిస్టర్లో గోదావరి జిల్లాల తిండి అలవాట్ల మీద సెమినార్ ఇచ్చింది నేనే. అందులో తరవాణి గురించి బోలెడు చెప్పాను. గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ కుండలో పులియబెడతారనీ, రోజూ కాస్త తీసుకుంటూ కాస్త పోస్తూ, అడుగు ఖాళీ కాకుండా ఏళ్ళ తరబడి కాపాడుకుంటారనీ, ఆ కుండని లక్ష్మీదేవిలా చూసి పసుపు రాసి బొట్టు పెడతారనీ, చద్దన్నంలో పోసుకుంటే ఒంటికి చలవనీ చెప్పాను. మార్కులు కూడా బాగా వచ్చాయి. కానీ ఇంటర్నెట్లో తరవాణికి వాసన రాదండీ, నేనేం చెయ్యను?

మామ్మ సాయంత్రం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళింది. మెరిసిపోతున్న గట్టు వంక చూడనే లేదు, నేరుగా మూలకి చూసింది.

"కుండేదే?"

"కడిగి ఎండలో పెట్టాను మామ్మా."

"లోపలిది?"

"పాడైపోయింది మామ్మా. పారబోసేశాను."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పీట లాక్కుని కూర్చుంది.

"మా అత్తగారు కాపరానికొచ్చినప్పుడు పుట్టింటి నుంచి తోడు తెచ్చి పెట్టింది అది. అప్పటికింకా ఇక్కడ ఫ్రెంచోళ్ళున్నారు. ఫ్రెంచోళ్ళు పోయారు, అది ఉంది. గోదారి ఇంట్లోకొచ్చింది, నెత్తిన పెట్టుకుని మేడెక్కాను, అది ఉంది. నాకు కోడలొచ్చింది, అయినా ఉంది. నువ్వు సేవకొచ్చావు."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. మామ్మ మొహం చూసి ఏడ్చాను, స్కాలర్‌షిప్ పోయిందనీ ఏడ్చాను, రెండూ నిజమే. పోనీ ఆ కుండలోనే మళ్ళీ మొదలుపెడదామంటే మట్టికుండ సబ్బంతా పీల్చేసుకుందట. "ఇందులో పోస్తే తరవాణి నురగలొస్తాది" అంది మామ్మ.

మర్నాడు స్టీలు క్యాను పట్టుకుని వీధిన పడ్డాను. మామ్మ దగ్గర తోడు పట్టుకెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోతారా, వాళ్ళింట్లోంచి గ్లాసుడు తెచ్చి పోస్తే బతికిపోతాను కదా. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "ఒకప్పుడు ఉండేదమ్మా, ఫ్రిజ్జు కొన్నాక తీసేశాం." ఈలోగా గ్రూపులో నేను పెట్టిన ఫొటోలు పేటంతా తిరిగేశాయి. నేను సందు తిరగ్గానే ఒకావిడ లోపలికి కేకేసింది. "సేవ పిల్ల వత్తోంది, ఆవకాయ జాడీ లోపల పెట్టండి."

చివరికి సిగ్గొదిలేసి మెట్టకూరు వెళ్ళి కమలక్కకి మొత్తం చెప్పాను. కమలక్క అటూ ఇటూ చూసి, వీధి తలుపు వేసి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. మూలన కుండ. పసుపూ బొట్టూ పెట్టి, పళ్ళెం మూతేసి ఉంది.

"అత్తయ్యగారిని అడిగితే, నాకు పద్ధతులు తెలీవని ఇవ్వరు. అందుకని ఆవిడ ఎవరిదో పెళ్ళికెళ్ళినప్పుడు గ్లాసుడు తెచ్చుకున్నాను. మా ఇంట్లో అందరూ ఇదే తాగుతారు. ఆవిడ వచ్చినప్పుడు మాత్రం పక్కింట్లో దాచేస్తాను. నువ్వు పట్టుకెళ్ళు, కానీ నేనిచ్చానని మాత్రం అత్తయ్యగారికి చెప్పకు."

"పీక కోసినా చెప్పను కమలక్కా" అన్నాను.

కొత్త కుండ కొని, తోడు వేసి, గంజి పోశాం. మామ్మ దాని పక్కనే చాప వేసుకుని పడుకుంది, చంటిపిల్లని కనిపెట్టుకున్నట్టు. పులిసిన రోజు గరిటెడు తీసి నోట్లో పోసుకుంది.

"ఇది మా అత్తగారిదే. ఎవరిచ్చారే?"

"ఎవరో ఇచ్చారు మామ్మా."

"ఎవరో అంటే?"

నా పీక ఎవరూ కొయ్యక్కర్లేకపోయింది. మామ్మ ఒకసారి గరిటె కింద పెట్టి చూసింది, నేను గడగడా చెప్పేశాను.

మామ్మ ఫోన్ అందుకుంది. "నా ఇంట్లో దొంగతనం చేత్తావా?" అని ఇటునుంచి, "మీరిచ్చుంటే నాకు దొంగతనమెందుకండీ?" అని అటునుంచి. ఫోన్లో తేలక కమలక్క ఆటో ఎక్కి వచ్చేసింది. వచ్చీరాగానే నా మీద పడింది, "నీకు నోరాగదా?" అని. ఆ గోల వినడానికి వీధి వీధంతా గుమ్మం దగ్గర చేరింది. ప్రసన్న పాపం పేపరు మడిచి పట్టుకుని, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలీక కూర్చుంది. సరిగ్గా అప్పుడు పాండిచ్చేరి మేడమ్ గారి వీడియో కాల్ వచ్చింది. నా పని అయిపోయిందనుకుని ఫోన్ మామ్మ చేతికిచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"అమ్మా, దుర్గ, ప్రసన్న ఇద్దరూ మీకు సర్వీస్ చేశారు కదా. ఎవరిని రికమెండ్ చేస్తారు?"

మామ్మ ప్రసన్నని చూసింది. నన్ను చూసింది. కుండని చూసింది.

"ఇదొస్తే ఆ పిల్ల ఇక్కడే ఉంటాదా అండీ, వెళ్ళిపోద్దా?"

"పాండిచ్చేరి వచ్చెయ్యాలమ్మా. రెండేళ్ళు హాస్టల్లో ఉండాలి."

"సెలవులకి కూడా అక్కడే ఉంచుకుంటారా?"

"కావాలంటే ఉండచ్చమ్మా."

"అయితే దుర్గ పేరు రాసుకోండి."

"మరి ప్రసన్న?"

"అది పేపరు బాగా చదువుద్దండి. దాన్ని పంపేసి నేనేం చెయ్యను? దాన్ని ఎక్కడికీ పంపకండి."

కమలక్క వెనకనుంచి తొంగిచూసి, "అత్తయ్యగారు చెప్పింది కరెక్టండి మేడమ్" అంది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డం అదే మొదలట. గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా "ఆయ్, దుర్గనే తీసుకెళ్ళండి" అన్నారు. మేడమ్ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక స్టూడెంట్‌కి ఊరంతా ఇంత సపోర్ట్ ఇవ్వడం ఎక్కడా చూడలేదన్నారు.

ప్రసన్న నాతో మాట్లాడ్డం లేదు. న్యాయమే. సేవ సరిగ్గా చేసినందుకు దానికి ఇంకా సేవే దొరికింది.

మొన్న రైలు టికెట్టు దొరికిందని చెప్పడానికి మామ్మ దగ్గరికెళ్ళాను. "వెళ్ళేలోగా ఏమైనా పనుంటే చెప్పు మామ్మా, చేసి పెడతాను" అన్నాను. మామ్మ గబగబా లేచి వంటింటి తలుపుకి తాళం వేసొచ్చి, కుర్చీ చూపించి, "కూర్చో. ఏదీ ముట్టుకోకు" అంది. కూర్చున్నాను. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. ఇన్నాళ్ళలో నా సేవకి మామ్మ ఒక్క వంక కూడా పెట్టనిది ఆ ఒక్కరోజే.