నోరా అనే నోట్‌బుర్గా

తెనాలి నుంచి శేషుకుమారి సిడ్నీకి వచ్చింది సంవత్సరాలకు తలలు అతికించడానికి. పాతకాలపు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఏడాదిని చివరి రెండంకెలతోనే రాసి వదిలేశారు మహానుభావులు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా ముందరి రెండంకెలూ చేర్చాలి. అదీ ఆమె ఉద్యోగం.

ఊరి శివార్లలోని పెండిల్ హిల్‌లో ఆమె అద్దెకున్న గది నోరా ఆంటీది. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు, ఒంటరి మనిషి. శేషుకుమారికి జ్వరమొస్తే పక్కన కూర్చుని సూప్ తాగించింది. ఆఫీసులో ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి చూసేది.

ఒక ఆదివారం ఈ తెగిన సంవత్సరాల గోల వింటూ ఆవిడ నవ్వి, తన పేరూ అలాగే తెగిందని చెప్పింది. అసలు పేరు నోట్‌బుర్గా. పాత జర్మన్‌లో 'నోట్' అంటే ఆపద, 'బుర్గ్' అంటే కోట. ఆవిడ పుట్టిన ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో ఏడువందల ఏళ్ల కిందట ఆ పేరుతో ఒక పనిమనిషి ఉండేదట. పందులకు వేయమన్న తిండిని పేదలకు పెట్టేదట. ఆమెకు జనం ఇప్పటికీ మొక్కుతారు. అంతటి పేరును ఇక్కడి బిస్కెట్ ఫ్యాక్టరీ మేస్త్రీ, తనకు నాలుక తిరగడం లేదని నోరా చేసిపారేశాడు. కట్టుకున్నవాడూ అలాగే పిలిచాడు. తల్లి పోయాక ఆ పేరు పలికేవాళ్లే లేరు. నువ్వు పిలుస్తావా అని అడిగింది.

శేషుకుమారికి జాలేసింది కానీ నోరు పెగల్లేదు. బాస్‌ని పేరుతో పిలవడానికే ఆమెకు ఆరు నెలలు పట్టింది. ఫోన్లో తల్లి విద్యావతికి చెప్పుకుంది.

"ఇక్కడంతా ఫస్ట్ నేమ్‌తోనే పిలుచుకుంటారమ్మా. ఆంటీయే అడిగారు."

"అడిగితే మాత్రం? నిన్ను కనిపెట్టుకునున్న పెద్దావిణ్ణి పేరెట్టి పిలుస్తావుటే?"

దాంతో ఆంటీ ఆంటీగానే ఉండిపోయింది. ఆవిడ మళ్లీ అడగలేదు. అదే శేషుకుమారిని ఎక్కువ బాధపెట్టింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు పడిపోలేదు, ఆమె ఉద్యోగం పడిపోయింది. మూడు నెలలు ఇంకో పని దొరకలేదు. ఆ మూడు నెలలూ ఆంటీ అద్దె మాట ఎత్తలేదు. చివరికి మెల్‌బోర్న్‌లో పని దొరికింది.

బయల్దేరేరోజు టాక్సీ వచ్చి నిలబడింది. ఆంటీ దారిలో తినమని పొట్లం కట్టి తెచ్చింది. దాన్ని అందుకుంటుంటే శేషుకుమారికి ఆ పేరు అర్థం ఇప్పుడు తెలిసినట్లయింది. సామాను కింద పెట్టేసింది.

"వెళ్లొస్తాను, నోట్‌బుర్గా గారూ."

పెద్దావిడ చివరన ఉన్న ఆ 'గారు' ఏమిటని అడిగింది. మా ఊళ్లో పెద్దవాళ్ల పేరు వట్టిగా పలకరని, అది చేరిస్తేనే మాకు నోరొస్తుందని శేషుకుమారి చెప్పింది.

ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది.

"మళ్లీ పిలువు," అంది.