పగలు పడుకునే మనిషి

"మహా కష్టజీవి అమ్మా మీ ఆయన!" అన్నాడు మిల్లు సూపర్‌వైజరు, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

పొద్దుటి నుంచి ఆ ముక్క విని విని ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది. వచ్చిన ప్రతివాడిదీ అదే పాట. గోడ మీది ఫొటోకి ఓ దండం పెట్టడం, నాలుగు నిట్టూర్పులు విడవడం, టీ తాగడం, 'కష్టజీవి' అనేసి చెప్పులు వెతుక్కోవడం. అంత కష్టజీవని తెలిసిన మహానుభావుల్లో ఒక్కడైనా, ఒక్క రాత్రయినా, 'ఇవాళ ఇంటికెళ్ళి పడుకోవయ్యా' అన్న పాపాన పోయాడా?

ఆయనది బట్టల మిల్లులో నైట్ షిఫ్టు. పెళ్ళైన కొత్తలో, "కొన్నాళ్ళేనే, తర్వాత పగటికి మార్చేస్తామన్నారు" అని చెప్పాడు. ఆ కొన్నాళ్ళు సాగి సాగి ఆయన జుట్టు నెరిసేదాకా వచ్చాయి. వెళ్ళి గట్టిగా అడగవయ్యా మగడా అంటే, "మన మీదే నమ్మకం వాళ్ళకి" అని మురిసిపోయేవాడు. నమ్మకమట, నమ్మకం! నోరెత్తని మనిషి మీద ఎవడికుండదు నమ్మకం?

రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడ్డ మనిషికి పగలు నిద్ర కావాలి కదా. ఉన్నది ఒక్క గది, దాని వెనక వంటిల్లు. కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు కిర్రుమనకుండా నూనె పోసింది. విజిల్ వేస్తుందని కుక్కరు అటక మీదకి ఎక్కించేసింది. మగ్గాల హోరులో మాట వినపడదు గనక మిల్లులో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆ సైగలన్నీ ఆయన భద్రంగా ఇంటికి మోసుకొచ్చాడు. చెవి తమ్మె పట్టుకుంటే టీ కావాలని. భుజం తడితే ఎవరో వచ్చారని. అరచెయ్యి కిందికి అదిమితే మిల్లులో మగ్గం ఆపమని, ఇంట్లో నోరు ముయ్యమని. వీధిలో వాళ్ళు ముద్దుగా 'మూగిల్లు' అని పేరు పెట్టారు. కూతురిదేమో గలగలా పారే నవ్వు. నవ్వొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తేది పిచ్చిపిల్ల.

చివరికి ఏమైంది? ఒక పొద్దున వచ్చాడు, టీ తాగాడు, పడుకున్నాడు. పక్కింటి వాళ్ళు గోడకి మేకు కొడుతుంటే ఆవిడ వెళ్ళి బతిమాలి ఆపించింది. కూరల బండివాణ్ణి సైగలతోనే తరిమేసింది. కూతురికి తుమ్మొస్తే ముక్కు నలుపుకుని మింగేసింది. షిఫ్టుకి వేళవుతోందని సాయంత్రం లేపబోతే చెయ్యి మంచులా తగిలింది. పొద్దున్నే పోయాడన్నాడు డాక్టరు. రోజంతా తల్లీకూతుళ్ళిద్దరూ చచ్చిపోయిన మనిషికి నిద్ర చెడకుండా కాపలా కాశారన్నమాట! ఎప్పటిలా గుట్టుచప్పుడు కాకుండా ఉండకపోతే, ఒక్క గిన్నె చేజారినా, 'ఏంటా గోల' అని ఆయన కసురుకోలేదేమా అని తొంగి చూసేది కదా? ఆ మాట తలుచుకుంటే ఆవిడకి తన మీద అసహ్యం వేస్తుంది, ఆయన మీద కోపం వస్తుంది. ప్రేమ లేక కాదు, ఉండబట్టే.

"నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు" అన్నాడు బావగారు, అంటే పోయినాయన అన్న, రెండో టీ అందుకుంటూ. తమ్ముడు బతికుండగా ఈయనగారు గుమ్మం తొక్కింది లేదు.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "ఓనరుగారు మిమ్మల్ని మరిచిపోలేదమ్మా. మీ ఆయన మగ్గాలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మాయిని పంపండి. ప్రస్తుతానికి నైట్ షిఫ్టే అనుకోండి. కొన్నాళ్ళే, తర్వాత పగటికి మార్చేస్తాం."

"ఎంత గొప్ప మనసండీ!" అని కరిగిపోయాడు బావగారు. "ఇదేమో పసిపిల్లల బడిలో ఆటలాడిస్తానంటోంది. ఆ జీతం ఏ మూలకి? ఏమ్మా, వెళ్తావుగా?"

కూతురు తల్లి వైపు చూసింది. మెల్లగా తల ఊపడం మొదలుపెట్టింది, అచ్చం వాళ్ళ నాన్నలా. ఆ ఊపు ఆవిడకి తెలియనిదా?

"పంపను" అంది.

అన్నానని అనుకుంది గాని, అది పెదవి దాటలేదు. ఇన్నేళ్ళ గుసగుస మరి.

"అయితే రేపట్నుంచే రమ్మనండి" అంటున్నాడు సూపర్‌వైజరు.

"పంపనంటున్నానా!"

ఆ కేకకి బావగారి టీ చొక్కా మీద ఒలికింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. "ఏంటమ్మాయ్ ఆ అరుపులు, పెద్దమనుషుల ముందు?" అన్నాడు బావగారు. సూపర్‌వైజరు అలవాటు కొద్దీ అరచెయ్యి కిందికి అదిమాడు.

ఆ సైగ చూడగానే ఆవిడకి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "ఎందుకండీ నెమ్మది? ఇంట్లో ఇప్పుడెవరు పడుకున్నారని?"

సూపర్‌వైజరు చెప్పుల కోసం చూసుకున్నాడు.

కూతురు లేచి, కిటికీకి ఇంకా వేలాడుతున్న దుప్పటిని ఒక్క గుంజు గుంజింది. "అమ్మా, రేపు నేను బడికే వెళ్తున్నా!" అంది, వీధి చివరిదాకా వినపడేలా.

తల్లి అరచెయ్యి అలవాటుగా కిందికి కదలబోయింది. చటుక్కున ఆ చేతిని చంకలో బిగించేసుకుంది ఆవిడ.