గుడ్లకు కట్టిన గుడ్డలు

పోతురాజు కళ్ళ గురించి ఒకప్పుడు నౌపడ పక్క పల్లెల్లో గొప్పగా చెప్పుకునేవారు. పడవలో ఆరుగురుంటే ఐదుగురు వల చూసుకునేవారు, పోతురాజు ఆకాశం చూసేవాడు. దూరంగా నాలుగు పిట్టలు చుక్కల్లా కనిపిస్తే చాలు, అవి ఊరికే తిరుగుతున్నాయో, కింద చేపల గుంపు ఉందో ఇట్టే చెప్పేసేవాడు. "గంగపిట్ట మునుగుతన్నాది, తిప్పండ్రా" అన్నాడంటే ఎవరూ ఎదురు మాట్లాడకుండా పడవ తిప్పాల్సిందే.

గంగపిట్ట అంటే పిడికెడంత తెల్లపిట్ట. నెత్తిన నల్లటోపీ, పసుపు ముక్కు, చీలిన తోక. పుస్తకాల్లో దానికి వేరే పేరుందట, ఉండనీయండి. గంగమ్మ తల్లి పంపింది కాబట్టి పల్లెలో అది గంగపిట్టే.

ముప్పయ్యేళ్ళ కిందట ఒక వేసవిలో ఇంజను చెడిపోయి, పోతురాజు పడవ మూడు రోజులు దిక్కు తెలియకుండా కొట్టుకుపోయింది. చుట్టూ పొగమంచులాంటి వేడి ఆవిరి, ఏ పక్క చూసినా నీళ్ళే. మూడో రోజు సాయంత్రం ఒక గంగపిట్ట ముక్కున చేపతో పడవ మీదుగా పోయింది. "చేప మింగకుండా పట్టుకుపోతన్నాదంటే దానికి పిల్లలున్నాయిరా. అది ఇంటికే పోతాది. దానెనక తెడ్డెయ్యండి" అన్నాడు పోతురాజు. ఆరుగురూ బతికి ఒడ్డెక్కారు. మిగతా ఐదుగురూ గంగమ్మకు కోడిని కోసి ఆ సంగతి మరిచిపోయారు. పోతురాజు మరిచిపోలేదు.

తర్వాత పడవల్లోకి చేపల్ని చూపించే మిషన్లొచ్చాయి. ఆకాశం చూసే మనిషితో ఎవరికీ పని లేకపోయింది. అరవై దాటాక పోతురాజు సముద్రం మానేశాడు. ఎనిమిదేళ్ళుగా వేసవి వస్తే చాలు, గొడుగూ కర్రా పట్టుకుని ఉప్పుమడుల చివరనున్న పాత గట్టు మీదికి పోతాడు. ఆ పక్క మడులు ఎప్పుడో వదిలేశారు. గంగపిట్టలు గుడ్లు పెట్టేది అక్కడే. గూడంటూ ఉండదు, పొట్టతో ఇసుకలో చిన్న గుంట చేసుకుంటాయి. గుడ్లు మట్టిరంగులో, మచ్చలతో, పక్కన నిలబడ్డా కనిపించవు. ఎండ మండిపోతుంటే ఆ పిట్ట కాలువకు పోయి పొట్ట తడుపుకొచ్చి, ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంటుంది. తల్లులంటే ఇలగ ఉండాలని పోతురాజు దారిన పోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు.

ఇంత కాపలా కాసినా మూడేళ్ళుగా ఒక్క పిల్లా ఎగరలేదు. ఒక ఏడు కుక్కలు తిన్నాయి. ఒక ఏడు పోటు నీళ్ళు గట్టెక్కాయి. పోయినేడు గేదెల మంద తొక్కేసింది. ఈ ఏడు మాత్రం ఇరవై రెండు జంటలు దిగాయి. ఇన్ని ఎప్పుడూ దిగలేదు. ఈసారి పిల్లలు రెక్క విప్పి సముద్రం మీదికి పోవడం చూసి తీరాలని పోతురాజు పట్టుబట్టాడు. పట్టుబట్టడానికి ఇంకో కారణమూ ఉంది, అతని చూపు పోతోంది. రెండు కళ్ళకూ పొర కమ్మింది.

"పిట్టల కళ్ళు బాగానే ఉన్నాయి, నీ కళ్ళే పోతన్నాయి. ఆపరేషనుకి యెల్దుమా నేదా సెప్పు మావా" అని భార్య లక్ష్మణమ్మ రోజూ పోరేది.

"పిల్లలు ఎగరనీయే. ఆటిని సూసినాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

"అప్పటికి సూడ్డానికి నీకు కళ్ళుండాల కదా!"

ఆ మాట విని కూడా పోతురాజు గొడుగు తీసుకుని గట్టుకు బయల్దేరాడు. అంత మొండితనం.

మే నెల మొదట్లో ఒక ఉదయం గట్టు మీద నడుస్తుంటే అతని కాలి కింద ఏదో చితికింది. వంగి తడిమాడు. అరికాలికి అంటుకున్నది సొన. కుక్కల్నీ కాకుల్నీ తరిమిన మనిషి, తన కాలితోనే గుడ్డు తొక్కాడు. అక్కడే కూలబడి, పెద్దమనిషన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు.

మర్నాడు లక్ష్మణమ్మ పాత ఎర్రచీర అడిగి తీసుకుని ముక్కలుగా చింపాడు. సముద్రంలో వల వేస్తే, నీళ్ళ మీద తేలే బెండుకు కర్ర నిలబెట్టి ఎర్రగుడ్డ కడతారు. ఇక్కడ నా వల ఉంది, దగ్గరికి రావద్దు అని దానర్థం. ఎంత పగవాడైనా ఆ గుడ్డను చూసి పడవ పక్కకు తిప్పుతాడు. పోతురాజుకు అంతకంటే గట్టి కాపలా తోచలేదు. పైగా ఆ కళ్ళకు ఇంకా బాగా ఆనే రంగు ఎరుపొక్కటే. పిట్ట తెల్లగా, మసగ్గా లేచిన చోటికల్లా పాకుతూ పోయి, చేత్తో తడిమి, గుడ్ల పక్కన పుల్ల గుచ్చాడు. ఒక జంట పోయిన గుడ్డుతో పాటే ఎటో లేచిపోయిందనుకుని, ఇరవయ్యొక్క పుల్లలు గుచ్చాడు.

"గుడ్డి పోతురాజు గుడ్లకి గుడ్డలు కడతన్నాడ్రోయ్" అని పల్లెంతా ఒకటే నవ్వు. పోతురాజూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత అతని మనసు కుదుటపడింది.

కుదుటపడింది కాబట్టే లక్ష్మణమ్మ మాటకు లొంగాడు. టెక్కలిలో కంటి క్యాంపు పెట్టారు. గుడ్డలు ఉన్నాయి కదా, ఒక్క పూటకు ఏమవుతుందిలే అని వెళ్ళాడు. వరుసలో నిలబడి చూపించుకుని, ఆపరేషనుకు తేదీ రాయించుకుని, ఇద్దరూ మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి నేరుగా గట్టు దగ్గరికి పోయారు.

దూరం నుంచే పిట్టల అరుపు వినిపించింది. అన్నీ గాల్లోనే ఉన్నాయి. గట్టు చివర జేసీబీ ఆగి ఉంది. దాన్ని నడిపే ధర్మేంద్ర, బండి చక్రం నీడలో కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"ఏటి సేసినావు బాబూ?" అంది లక్ష్మణమ్మ. ఆమెకు అప్పటికే కనిపిస్తోంది.

"వాయుగుండం వస్తాదంట కదా పిన్నీ, ఈ పాత గట్టు తెగితే నీళ్ళు మా మడుల్లోకొచ్చేస్తాయని గట్టి సేసినాం. గుడ్డ ఉన్న కాడ ఒక్కటీ వదల్లేదు. తడిమట్టేసి బాగా అదిమినాను" అన్నాడు ధర్మేంద్ర. పని చక్కగా చేసినవాడి సంతోషం అతని మొహంలో ఉంది.

మడుల మేస్త్రి తిరుమలరావు పరుగున వచ్చాడు. అతనికి సంగతి అర్థమయ్యేసరికి మాట తడబడింది. "ఆ గుడ్డలు నువ్వు కట్టినావేటి అన్నా? మా ఓళ్ళే కట్టినారనుకున్నాను. ఎర్రగుడ్డ కనపడ్డ కాడల్లా మట్టెయ్యమని నానే సెప్పినాను."

"ఎర్రగుడ్డంటే దగ్గరికి రావద్దనే కదరా!"

"మీ సముద్రంలోన అలగ అన్నా. మా మడుల్లోన, గట్టు ఎక్కడ బలం నేదో అక్కడ కడతాం."

పోతురాజు ఎవర్ని తిట్టాలి? ముప్పయ్యేళ్ళ ఉప్పుపనిలో తిరుమలరావు నేర్చుకున్నది అది. తను నేర్చుకున్నది ఇది. చేపల పల్లెకూ ఉప్పుమడుల ఊరికీ మధ్య మైలు దూరం కూడా లేదు. గట్టెక్కి చేతులతో వెతికాడు. ఒక్కో మట్టికుప్ప దగ్గరా కూర్చుని, పుల్ల దొరికితే పీకి చంకన పెట్టుకున్నాడు. తవ్వి చూడబోతే లక్ష్మణమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇరవయ్యొక్క కుప్పలు. తానే చూపించి పూడ్పించినట్టయింది. ఆ మాట పైకే అన్నాడు, రెండుసార్లు.

చివరి కుప్ప దాటి నాలుగడుగులు వేశాడో లేదో, ఒక పిట్ట వచ్చి నెత్తి మీద పొడిచింది. మళ్ళీ తిరిగొచ్చి పొడిచింది. పోతురాజు ఉన్నచోటే కొయ్యబారిపోయాడు. గుడ్లు లేని పిట్ట మనిషిని పొడవదు.

"లక్ష్మణమ్మా! నాను కదల్ను. నువ్వొచ్చి సూడే."

ఆమె వంగి వంగి వెతుకుతూ వచ్చింది. "ఎడం కాలు కదపకు మావా. జానెడు కూడా నేదు."

"ఎన్ని?"

"రెండు."

ఆ కళ్ళకు ఆనక, లేచిపోయిందనుకుని పుల్ల గుచ్చకుండా వదిలేసిన జంట. అందుకే మిగిలింది. లక్ష్మణమ్మ అతని చంకలోంచి ఒక పుల్ల లాగి, "గుర్తెట్టనా?" అంది.

"ఒద్దే! దేనికీ గుర్తెట్టకు" అని పోతురాజు గట్టిగా అరిచాడు.

ఆమె పుల్ల పక్కన పడేసింది. కూర్చుని, అతని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తి వెనక్కి పెట్టింది. తర్వాత రెండో పాదం. అలా పది అడుగులు వెనక్కి నడిపించింది.

"కూకున్నాదా?" అన్నాడు.

"కూకున్నాది."

గుడ్డ ఉన్న చోటల్లా గట్టు కొత్తమట్టితో ఎత్తయింది, పోటు నీళ్ళకు పల్లంగా మిగిలింది ఆ పిట్ట కూర్చున్న చోటే. తూర్పున సముద్రం మీద ఆకాశం నల్లబడటం లక్ష్మణమ్మకు కనిపించింది. జీవితమంతా ఆకాశం చూసి బతికిన మనిషికి ఆమె ఆ సంగతి చెప్పలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది.