రూబెన్ కంట్లో గాజుపోగు

"కంట్లో ఏం పడింది?" అని డాక్టరు రూబెన్‌ని అడిగితే, జవాబు కాంట్రాక్టరు జగన్మోహనరావు చెప్పాడు.

"బండి మీద వస్తుంటే దుమ్ము పడిందండీ. రోడ్డంతా వెంచర్ల మట్టే కదా."

రూబెన్ నోరు తెరవబోయి మానుకున్నాడు. దవాఖానకు వచ్చే దారిలో, కారులోనే, జగన్మోహనరావు చెప్పవలసింది చెప్పి ఉన్నాడు. "పనిలో తగిలిందన్నావంటే రేపు సైటు మూసేస్తారయ్యా. నీతోపాటు నీ జోడీగా పనిచేసే ఆ బాలమల్లు ఇంట్లో కూడా పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. నీ ఇష్టం."

డాక్టరు దుమ్ము అనుకునే చూశాడు, దుమ్ముకే కడిగాడు, దుమ్ముకే చుక్కల మందు రాసిచ్చాడు. కంట్లో ఉన్నది వెంట్రుక కన్నా సన్నటి గాజుపోగు ముక్క. నీళ్ళలో పడ్డ గాజు ఎవరికి కనబడుతుంది?

వారం తిరిగేసరికి కన్ను లోపల చీము పట్టింది. అప్పుడు గానీ బాలమల్లుకు అసలు సంగతి తెలియలేదు.

"గాజని చెప్పేదుండె గదన్నా!"

"చెప్తే నీ పొయ్యి గూడ ఆరుతుండె. ఇగ ఊకో."

తెగిన ఫైబర్ కేబుల్ లోపలి గాజుపోగులు అతకడం రూబెన్ పని. మొదట్లో విమానాశ్రయం రోడ్డు పక్కన కందకాలు తవ్వాడు, తర్వాత కేబుల్ లాగాడు, చివరికి అతికేవాళ్ళ పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాడు. శంషాబాద్ హోటళ్ళ టీవీల్లో బొమ్మ, గోదాముల్లో సరుకు లెక్క, క్యాబు డ్రైవరు ఇంటికి ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగే మాట, అన్నీ వెలుగై ఆ పోగుల్లోనే పరిగెత్తుతాయి. తెగిన చోట ఆ పోగుల్ని ఒక్కొక్కటే పట్టుకుని కలిపేది రూబెన్ లాంటి వాళ్ళు. వాళ్ళ పేరు ఏ హోటలు గోడ మీదా ఉండదు.

అతకడానికి కూర్చుంటే రూబెన్‌కు ఒక నియమం ఉండేది. తొడ మీద నల్ల టేపు, జిగురు పైకి ఉండేలా చుట్టుకునేవాడు. కోసిన ప్రతి గాజుముక్కనూ దానికి అద్దేవాడు. పని అయ్యేదాకా చాయ్ లేదు, తిండి లేదు, చేయి ముఖం మీదికి పోకూడదు. "గాజు కుక్క లెక్క మొరగదు మల్లూ. కరిచినంక తెలుస్తది" అనేవాడు.

కంట్లో గాజు పడిన ఆ రోజు ఆషాఢపు గాలి దుమ్మెత్తి పోస్తోంది. వెంచరులో రోడ్డు వేస్తున్న జేసీబీ కేబుల్‌ను తెంపింది. గాలి తగలకుండా లోపల కూర్చుని అతికే వ్యాను వేరే సైటుకు పోయింది. రూబెన్ ఫోన్‌లో జగన్మోహనరావుతో మొండికేశాడు.

"సార్, గాలి శానా ఉంది. వ్యాను పంపుండ్రి, అప్పుడు విప్పుత."

"హోటళ్ళవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. నీకు రాజమహల్ కట్టించాలా అతకడానికి? కూర్చోవయ్యా బాబూ!"

రూబెన్ రోడ్డు పక్కనే కూర్చున్నాడు. బాలమల్లు కేబుల్ అటు చివర కూర్చున్నాడు. ఇద్దరి దగ్గరా చెరొక పెట్టె. అతికిన పోగు గుండానే మాట్లాడుకునే పెట్టెలవి. సగం పని అయ్యాక నిజంగానే కంట్లో దుమ్ము పడింది. వేళ్ళకు గాజు ఉంటుందని రూబెన్ చెయ్యి పెట్టలేదు. చొక్కా చేతి అంచుతో తుడుచుకున్నాడు. టేపు మీద నుంచి గాలికి లేచిన ముక్క ఆ అంచుకే అంటుకుని ఉంది.

"మల్లూ, ఆకుపచ్చ పోగు వెలిగిందా?"

"వెలిగిందన్నా. ఏంది, గొంతు గట్లయింది?"

"కంట్ల ఏందో గుచ్చుతుంది. నీ పని నువ్వు చూస్కో, పెద్ద డాక్టర్ లెక్క అడుగుతున్నవ్."

మిగిలిన పోగులు ఒంటికన్నుతో అతికాడు. సాయంత్రానికి హోటళ్ళలో బొమ్మలు ఆడాయి. జగన్మోహనరావుకు మెచ్చుకోళ్ళు వచ్చాయి.

చీము తగ్గింది గానీ చూపు రాలేదు. ఒంటికన్నుకు పోగు దగ్గరో దూరమో అంతు చిక్కదు. కోయబోతే విరిగేది. జగన్మోహనరావు దయ తలిచి, మైలార్‌దేవ్‌పల్లిలో కేబుల్ చుట్టలు పెట్టే స్థలానికి వాచ్‌మన్‌గా పెట్టాడు. రూబెన్ అక్కడ కూర్చుని కూడా పోగు కోసే పనిముట్టును గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. "చూపు వస్తే మళ్ళ కూసుంట" అని భార్య రేచల్‌తో రోజూ అనేవాడు. ఆమె చర్చిలో అదే ప్రార్థన చేసేది.

ఈ ఏడాది శంషాబాద్‌లోని చిన్న దవాఖానకు నగరంలోని పెద్ద కంటి డాక్టర్లతో వీడియో కలిపారు. ఆ లైను రూబెన్ అతికిన కేబుల్‌లోనే పోతుంది. బాలమల్లు అతణ్ణి బలవంతంగా తీసుకుపోయాడు. నర్సు యంత్రంతో కంటి లోపలికి చూపించింది. గోడ మీది తెర నిండా రూబెన్ కన్ను, నెత్తురు గీతలతో సహా. పక్కన డాక్టరమ్మ ముఖం.

"ఇందులో పడింది ఏంటండీ?"

"గాజమ్మా" అన్నాడు రూబెన్. ఒక డాక్టరుకు ఆ మాట చెప్పడం అదే మొదలు.

ఆమె కొంతసేపు చూసింది. "ఆ రోజే గాజని చెప్పి ఉంటే తీసేసేవాళ్ళు. కన్ను దక్కేది. ఇప్పుడు లోపలి పొర మొత్తం పోయింది. ఇక చూపు రాదు. రెండో కన్ను జాగ్రత్తగా చూసుకోండి."

బయటికి వచ్చాక బాలమల్లు చాయ్ తెచ్చాడు. రూబెన్ తాగలేదు. జేబులోంచి గుడ్డ మూట తీసి, పనిముట్టుతో సహా బాలమల్లు చేతిలో పెట్టాడు. మైలార్‌దేవ్‌పల్లి వైపు పోయే ఆటో ఆగింది. అందులో ఎక్కి కూర్చుని, ముఖం ఇటు తిప్పకుండానే అన్నాడు.

"చూపు రాదన్న గా ఒక్క మాట కాడ డాక్టరమ్మ బొమ్మ జర ఆగినా మంచిగుండె మల్లూ, నాకు ఇనబడకపోతుండె. నేనే అతికిన లైను గదా, యాడ ఆగుతది?"