పన్నెండేళ్ళలోపు ఫస్టు

మావాడు ఫుట్‌బాల్ ఆడుతుంటే నేను కళ్ళారా చూసింది చాలా తక్కువ. వాడి ర్యాంకు మాత్రం నెలనెలా తెలిసేది.

రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్ళలో రియాద్‌లో మగపిల్లలు ఆడే మైదానంలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టే పద్ధతి లేదు. శుక్రవారం సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక మావారు కారును మైదానం గోడ పక్కన నీడలో ఆపేవారు. వాడు బూట్లు చేత్తో పట్టుకుని గేట్లోకి పరిగెత్తేవాడు, వాడి వెనకే ఆయన. నేను ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకుని వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఇంట్లో ఉండొచ్చు కదా అని ఆయన విసుక్కునేవారు. ఇంట్లో ఉంటే వాడి కాలు విరిగినట్టు, తల పగిలినట్టు కనిపించేది నాకు. కంగారు నాకు పుట్టుకతోనే వచ్చింది. నర్సు ఉద్యోగంలో అది తగ్గాలి, నాకేమో పెరిగింది.

గోడ మీద ఎత్తుగా వల కట్టి ఉండేది. అప్పుడప్పుడూ బంతి దానికి తగిలి కిందికి జారేది. కారు అద్దం కాస్త దించితే లోపలి అరుపులు వినిపించేవి. ఏది మావాడి అరుపో మొదట్లో పోల్చుకోలేకపోయేదాన్ని. తర్వాత కష్టం లేకపోయింది. పన్నెండో ఏటే వాడి గొంతు బొంగురుపోయింది.

కోచ్ ఒక మలయాళీ. వారమంతా ఏదో కంపెనీలో స్టోర్‌కీపరు, శుక్రవారం మాత్రం పిల్లలకి దేవుడితో సమానం. నెలాఖరు శుక్రవారం పన్నెండేళ్ళలోపు పిల్లలందరికీ వరసగా ర్యాంకులు వేసి, ఆ కాగితం గేటుకి లోపలివైపు అంటించేవాడు. మావారు అది చూసి, కారు దాకా ఆగలేక దూరం నుంచే చూపుడువేలు పైకెత్తి చూపించేవారు. దగ్గరికొచ్చి అద్దం మీద టకటక కొట్టేవారు.

"ఫస్టేనే! మళ్ళీ మనోడే!"

ఆయన ఊరి అంచున సులైలో స్పేర్ పార్టుల గోడౌన్‌లో పనిచేసేవారు. శనివారం పొద్దున్నకల్లా గోడౌన్‌లో అందరికీ ఆ సంగతి తెలిసిపోయేది. బంగ్లాదేశీ లోడర్లకి కూడా మావాడి ర్యాంకు తెలుసు. నన్నెవరూ అడక్కపోయినా ఒక మాట చెప్పాలి: మావారు కాలేజీలో వాలీబాల్ జట్టుకి ఎక్స్‌ట్రా ప్లేయరు. మూడేళ్ళూ బెంచీ మీద కూర్చుని వచ్చినాయన. కాబట్టి ఆ ఆనందం చూస్తుంటే నాకు కోపం కూడా వచ్చేది కాదు. భయం వేసేది.

ఎందుకంటే ఆనందంతో ఆగలేదు. ఇక్కడ మన బడిలో పన్నెండో తరగతి దాకానే. ఆ తర్వాత పిల్లలు ఎలాగూ ఇండియా వెళ్ళి కాలేజీలో చేరాలి. అక్కడ మంచి కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు రావాలంటే రాష్ట్రం తరఫున ఆడిన సర్టిఫికెట్లు కావాలి. రియాద్ మైదానంలో ఎన్ని గోల్స్ కొట్టినా ఏ రాష్ట్రం తరఫున కొట్టినట్టు? అందుకని ఆయన లెక్క ఏమిటంటే, వచ్చే వేసవికే వాణ్ణి ఊరు పంపి, స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లకి నిలబెట్టి, ఎనిమిదో తరగతి అక్కడే చేర్పించడం.

"పన్నెండేళ్ళోణ్ణి ఒక్కణ్ణీ వదిలేసి ఎలా ఉంటామండీ?" అన్నాను.

"ఫస్టు వచ్చినోడికి దారి చూపించకపోతే పాపం కాదేంటే? పువ్వు పుట్టగానే పరిమళించిందని అంటారు. మనింట్లో పరిమళిస్తంటే ముక్కు మూసుకోమంటావా?"

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని కూడా అంటారు."

"నీకెప్పుడూ అపశకునమే," అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

నేను పనిచేసేది పిల్లల ఓపీలో. రోజంతా పిల్లల్ని గోడకి నిలబెట్టి ఎత్తు కొలవడం, తూకం వెయ్యడం, చార్టులో చుక్క పెట్టడం. కొడుకు పొట్టిగా ఉన్నాడని తల్లులు ఏడుస్తూ వచ్చేవారు. సూడానీలు, సిరియన్లు, మనవాళ్ళు, అందరూ. కొందరు ముందు పెరుగుతారమ్మా, కొందరు వెనక పెరుగుతారు, కంగారు పడకండి అని నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో ధైర్యం చెప్పేదాన్ని. ముందు పెరిగిన పిల్లల తల్లులు ఎవరూ మా దగ్గరికి వచ్చేవారు కాదు. వాళ్ళకి ఏం చెప్పాలో తెలుసుకునే అవసరం నాకెప్పుడూ పడలేదు.

ఒకరోజు ఆ కోచ్ తన కూతురికి జ్వరమని ఓపీకి వచ్చాడు. మైదానంలో దేవుడు, ఇక్కడ థర్మామీటరు వంక బెదురుగా చూస్తున్న తండ్రి. ఇంతకంటే మంచి సమయం దొరకదని అడిగేశాను, మావాడి ర్యాంకు నిజంగా ఎంతవరకు నమ్మొచ్చని. ఆయన హిందీలో, కాస్త మొహమాటంగా, ఉన్నమాట చెప్పాడు.

"ర్యాంకులు పెట్టకపోతే తండ్రులు పిల్లల్ని తీసుకురారు సిస్టర్. ఈ వయసులో పొడుగున్నవాడే ముందుంటాడు. మీవాడు రెండడుగులు వేసేలోపు మిగతావాళ్ళు నాలుగు వెయ్యాలి."

"అయితే ఆ ర్యాంకుకి విలువ లేనట్టేనా?"

"అలా కూడా కాదు. ఫస్టు వచ్చాడని వాణ్ణి ప్రతి మ్యాచిలో ఆడిస్తాను. తప్పు చేసినా తియ్యను. ఇరవయ్యో ర్యాంకు వాడు ఒక తప్పు చేస్తే బయట కూర్చోబెడతాను. ఎక్కువ ఆడినవాడు ఎక్కువ నేర్చుకుంటాడు కదా. విలువ లేదంటే ఎలా? నేను వేశాను కాబట్టి ఉంది."

ఇంత నిజాయితీపరుణ్ణి తిట్టడానికీ నోరు రాలేదు. పాపకి మందు రాయించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతా ఆ ఇరవయ్యో ర్యాంకు పిల్లాడే గుర్తొచ్చాడు. వాడి తల్లి కూడా ఏదో కారులో, ఏదో గోడ పక్కన కూర్చుని ఉంటుంది.

ఆ తర్వాతి శుక్రవారమే మావాడు పరిగెత్తుతూ పడి చెయ్యి బెణికించుకున్నాడు. నేను ఊహించుకున్నవాటిలో ఇది చాలా చిన్నది. అయినా మర్నాడు మా ఆసుపత్రికే తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాను. ఎముకల డాక్టరు లాహోర్ ఆయన, పెద్దాయన. ఫిల్ము వెలుతురులో పెట్టి, "హడ్డీ టూటీ నహీఁ సిస్టర్, షుకర్ హై," అన్నాడు, ఎముక విరగలేదని. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఇంకా దగ్గరికి వంగి చూసి, వీడి వయసెంతని అడిగాడు. పన్నెండు నడుస్తోందన్నాను. పాస్‌పోర్టులో కాదు, నిజంగా ఎంతని మళ్ళీ అడిగాడు. నేనే కన్నాను కదా సార్, నాకు తెలీదా అన్నాను.

ఆయన ఉర్దూలోనే నెమ్మదిగా చెప్పాడు. మణికట్టు దగ్గర ఎముక చివర ఎదిగే పిల్లలకి ఒక సందు ఉంటుంది. వీడికి అది దాదాపు మూసుకుపోయింది. ఎముకల వయసు పదిహేను, పదహారు. జబ్బేమీ కాదు, కొందరు తొందరగా పెరిగి తొందరగా ఆగిపోతారు. ఇంకో అంగుళం, మహా అయితే రెండు. మావాడు పక్కనే స్టూలు మీద కూర్చుని చేతికి కట్టిన కట్టు చివర పీకుతున్నాడు. మా మాటలు పట్టించుకున్నట్టు లేడు.

ఆ ర్యాంకు వాడి ఆటకి వచ్చింది కాదు, ఎముకలకి వచ్చింది. ఇంకో మూడేళ్ళలో ఆ మైదానంలోని పిల్లలందరూ వీణ్ణి దాటిపోతారు. అప్పటికి వీడు నా దగ్గర కూడా ఉండడు. ఎక్కడో హాస్టల్లో, రాత్రి దీపాలార్పాక, నేనేం తప్పు చేశానని ఫస్టు పోయిందని ఒక్కడే ఆలోచించుకుంటూ పడుకుంటాడు.

మావారికి చెప్పాలి. చెబితే నమ్మరు, వాణ్ణి పంపడం ఇష్టం లేక డాక్టరు పేరు చెప్తున్నావంటారు. నమ్మితే ఇంకా కష్టం. శనివారం ఆ గోడౌన్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు? పరాయి తల్లులకి ధైర్యం చెప్పే నోరు, సొంత కొడుకు దగ్గర ఎండిపోయింది. ఏడో తరగతి లెక్కలు చేసుకుంటుంటే వెనక నిలబడి వాడి మెడ వంక చూసేదాన్ని. పైపెదవి మీద నూనూగు మీసం. "ఏంటమ్మా?" అనేవాడు. "ఏం లేదు, పాలు తాగు," అనేదాన్ని. తాగితే పెరుగుతాడన్నట్టు.

ఇంకో భయం కూడా ఉంది. సెలక్షన్లలో మొట్టమొదట చూసేది ఎత్తూ, పరుగూనట. అంటే వాళ్ళు వీణ్ణి తీసుకునేస్తారు. వాడు ఓడిపోతాడని కాదు నా బాధ, గెలుస్తాడని. కొడుకు గెలవకూడదని ప్రార్థించిన తల్లి ఎవరైనా ఉంటుందా? చర్చి అన్నది లేని ఆ దేశంలో శుక్రవారం పొద్దున్న ఒకరింట్లో తలుపులేసుకుని చేసుకునే ప్రార్థనలో నేను కళ్ళు మూసుకుని అదే అడిగాను. అడిగి, వెంటనే క్షమించమని కూడా అడిగాను.

మావారు టిక్కెట్ల గురించి కనుక్కున్నారు. ఆఫీసులో ఊరెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకి పాస్‌పోర్టులు ఇవ్వాలన్నారు. వచ్చే వారం ఇద్దామండీ అని నేను వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి ఆయన, "ఈ శుక్రవారం ర్యాంకు చూసుకుని శనివారం ఇచ్చేత్తాను, ఇంక నువ్వు అడ్డు చెప్పకు," అన్నారు.

ఆ శుక్రవారం కారులో కూర్చుని అద్దం పూర్తిగా దించేశాను. మావాడి బొంగురు గొంతు కోసం చెవులు రిక్కించాను. వినపడలేదు. ఇంకా లావు గొంతులు, పెద్ద కుర్రాళ్ళవి, వినిపిస్తున్నాయి. ఆట అయ్యాక గేటు తెరుచుకుంది. మావారు వచ్చారు. వేలు పైకెత్తలేదు. అద్దం కొట్టలేదు. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయారు.

"ఏమైందండీ? వాడికేమైనా దెబ్బ..."

"లిస్టులో వాడి పేరు లేదే," అన్నారు. "ఫస్టు కాదు, సెకండు కాదు, అసలు పేరే లేదు."

అంతలో వాడు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. మోకాలి మీద చర్మం లేచిపోయి మట్టీ రక్తమూ కలిసి ఉంది. మామూలుగా అయితే నేను ఎగిరి పడాలి. ఆ రోజు మాత్రం నా ధ్యాసంతా ఆ లిస్టు మీదే. మావారు కారు తీశారు. రోడ్డెక్కాక అడిగారు.

"సార్ తీసేశాడా నిన్ను?"

"లేదు నాన్నా. నేనే అడిగా. పదిహేనేళ్ళలోపు వాళ్ళతో ఆడతానని. రెండు వారాల్నించీ అడుగుతుంటే ఇవాళ ఒప్పుకున్నాడు. నా పేరు వాళ్ళ లిస్టులో ఉంది."

మావారి మొహం వెలిగింది. "అదీ! ఆ మాట ముందు చెప్పవేరా! పెద్దోళ్ళలో ఆడిత్తన్నాడంటే ఎంత గొప్ప! ఎన్నోది?"

"ఆఖరిది."

"ఆఖరిదా?"

"వాళ్ళందరూ నాకంటే పెద్దగా ఉన్నారు. బంతి నా దాకా రానివ్వలేదు. మూడుసార్లు పడ్డా."

"మరెందుకురా బంగారం లాంటి ఫస్టు ర్యాంకు పోగొట్టుకుని..." అన్నారు మావారు.

వాడు మోకాలి మీద మట్టి దులుపుకుంటూ, హోంవర్క్ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నేను ఇంక పెరగను నాన్నా. ఎక్స్‌రే తీసినప్పుడు డాక్టరుగారు అమ్మకి చెప్పారు. నేనూ విన్నా. వాళ్ళందరూ నన్ను దాటి పెరిగిపోతారుగా. అప్పుడు చిన్నగా ఉండి ఆడటం రావాలి కదా. అందుకని ఇప్పట్నించే నేర్చుకుంటున్నా."

మావారు అద్దంలోంచి వెనక్కి నా వంక చూశారు. నేను అవునన్నట్టు తల ఊపాను. కళ్ళు రెండూ నిండిపోయి ఆయన నాకు మసకగా కనిపించారు. ఇన్ని వారాలు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు, స్టూలు మీద కూర్చున్న ఆ పిల్లాడు అదే రోజు ఎత్తుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా, ఏడవకుండా, దాంతో ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వు కంగారు పడతావని."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మా ఆయన శనివారం పాస్‌పోర్టులు ఇస్తారా లేదా అన్నది నాకు తట్టనే లేదు. వాడే మళ్ళీ మాట్లాడాడు. ఈసారి ఆ బొంగురు గొంతు సన్నగా వణికింది.

"ఫస్టు రాకపోయినా శుక్రవారం తీసుకొస్తావా నాన్నా?"

పచ్చ దీపం పడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. మావారు కారు కదపలేదు. స్టీరింగు మీంచి చెయ్యి తీసి, వాడి మట్టి మోకాలి మీద పెట్టి, "తీసుకొత్తాను నాన్నా," అన్నారు. "ఎప్పుడూ తీసుకొత్తాను."