పెయింటర్ ఇస్సాక్ మొదటి పాఠం

బెజవాడ ఆటోనగర్‌లో లారీ తలుపుల మీద నెమళ్లు వేసే ఇస్సాక్‌కు నలభై దాటాక ఇస్లామ్ శాస్త్రాలు చదవాలనిపించింది. 1997 నాటి సంగతి. కొత్తగా ఉత్సాహం పుట్టినవాళ్లు ఎక్కువమంది చేసే పనే తనూ చేశాడు. చదువును పునాది వదిలేసి పైకప్పు నుంచి మొదలుపెట్టాడు. లావుపాటి తెలుగు వ్యాఖ్యానాలు తెచ్చుకుని, జరిగేదంతా విధా, మనిషి చేతుల్లో ఏమైనా ఉందా అని టీ బండి దగ్గర చర్చకు దిగేవాడు. అతనికి దొరికిన ప్రత్యర్థి కార్పెంటర్ కృపానందం.

“నిన్న నెమలికి మూడు కాళ్లేశావు. అది కూడా విధేనా ఇస్సాకూ?”

“మూడోది తోకయ్యా!”

ఇలా లాభం లేదని పక్క వీధి మసీదులో ఇమాము జాహిద్ దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లు నిండని కుర్ర మౌలానా.

“విధి గురించి మంచి పుస్తకం చెప్పండి మౌలానా.”

“ముందు వజూ చదువుదాం భాయ్.”

వజూ అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం. ఇస్సాక్ ముఖం మాడిపోయింది.

“చిన్నప్పట్నుంచీ చేస్తూనే ఉన్నానండీ!”

“రోజూ చేసేదే కదా ముందు తెలియాల్సింది. విధి ఎక్కడికీ పోదులెండి.”

జాహిద్ ఒక సన్నటి పుస్తకం తీశాడు. పద్ధతి పాతదే. గురువు ఒక వాక్యం చదివి విప్పి చెప్తాడు, శిష్యుడు దాన్ని తన మాటల్లో అప్పజెప్పాలి. అది వచ్చేదాకా రెండో వాక్యం లేదు.

“కడిగే చోట చర్మానికీ గోళ్లకూ నీళ్లు తాకాలి. అడ్డుగా ఏదైనా పొరలా ఉంటే తీసెయ్యాలి,” అన్నాడు జాహిద్.

ఇస్సాక్ అప్పజెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. అతని గోళ్ల అంచుల్లో నీలం ఎనామిల్ పెయింటు గట్టిగా పట్టేసి ఉంది.

“మౌలానా, ఇది అడ్డేనా? అయితే ఇన్నేళ్ల నా నమాజులు?”

జాహిద్ ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. “నాకు తెలీదండీ. చూసి చెప్తాను.”

ఇంటికొచ్చి ఇస్సాక్ థిన్నర్ పోశాడు, కిరోసిన్ రుద్దాడు, చివరికి బ్లేడు పట్టాడు. భార్య షాహీదా ఆ బ్లేడు లాక్కుంది.

“రంగు తీస్తున్నారా, వేళ్లు చెక్కుతున్నారా?”

“నమాజులన్నీ పోయాయేమో షాహీదా. ఈ పని మానెయ్యాలేమో.”

“మానేసి? టీ బండి దగ్గర వాదనలు అమ్ముతారా?”

రెండు రోజుల తర్వాత జాహిద్ సైకిలేసుకుని ఇస్సాక్ పనిచేసే షెడ్డుకే వచ్చేశాడు. చంకలో పెద్ద పుస్తకం, ముఖం నిండా నవ్వు.

“ఇస్సాక్ భాయ్! మీరున్నారండీ ఇందులో!”

“నేనా?”

“మీ గోళ్లున్నాయి. రంగులద్దేవాడి గోటికి పట్టిన రంగు శుద్ధికి అడ్డు కాదని రాశారు. అది అతని బతుకుతెరువు, తప్పించుకోలేడు కాబట్టి. సులువుగా వచ్చింది తీసెయ్యండి, రానిది వదిలెయ్యండి. మీ నమాజులకు ఢోకా లేదు.”

“ఎప్పటి పుస్తకమండీ?”

“వందల ఏళ్ల నాటిది.”

“అప్పుడు లారీల్లేవుగా!”

“బట్టలకు రంగులేసేవాళ్లున్నారుగా!”

ఇస్సాక్ స్టూలు మీద కూలబడి పగలబడి నవ్వాడు. స్వర్గనరకాల మీద మైకుల్లో అరిచే ఉపన్యాసాలు అతను చాలా విన్నాడు. వాటిలో ఒక్కటీ పనివాడి గోళ్ల దాకా దిగి రాలేదు. ఎప్పుడో, ఏ ఊళ్లోనో ఒక పండితుడు అద్దకంవాడి చెయ్యి పట్టుకుని చూశాడు, వాడి కష్టం లెక్కలోకి తీసుకున్నాడు. శాస్త్రమంటే ఇదా అనిపించింది ఇస్సాక్‌కు. భయం పోయింది, చదువు మీద ఆకలి పుట్టింది.

షెడ్డులో ఓ పక్కన చెక్కకు చిత్రిక పడుతున్న కృపానందం పని ఆపి తల ఎత్తాడు. “మరి విధి సంగతేం తేల్చారు?”

“ముందు నన్ను చేతులు కడుక్కోవడం నేర్చుకోనీవయ్యా!” అని ఇస్సాక్ జాహిద్‌కు స్టూలు జరిపాడు. “రెండో వాక్యం చెప్పండి మౌలానా.”

“ఇక్కడా? ఇప్పుడా?”

“తలుపు ఆరడానికి గంట పడుతుందండీ.”